పాత అంబాసిడర్‌లో టైమింగ్ చైను, స్ప్రాకెట్లు మార్చే పద్ధతి

పాత పెట్రోల్ అంబాసిడర్ పొద్దున్నే స్టార్ట్ చేయగానే రేడియేటర్ వెనక గరగరమంటుంది. వేడెక్కాక కాస్త తగ్గి, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా మళ్ళీ వినిపిస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే ముందు టాపెట్లు సరిచేస్తారు. తగ్గకపోతే డిస్ట్రిబ్యూటర్ కొంచెం తిప్పి టైమింగ్ పెట్టామంటారు. బండి నాలుగు రోజులు బాగానే లాగుతుంది గానీ రోగం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఎందుకంటే ఆ చప్పుడు టైమింగ్ చైనుది. క్రాంక్‌షాఫ్ట్ తిరగడాన్ని క్యాంషాఫ్ట్‌కు అందించేది ఈ చైనే, వాల్వులు తెరిచేది ఆ క్యాంషాఫ్టే. చైను సాగితే క్యాంషాఫ్ట్ వెనకబడుతుంది. డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పేదీ క్యాంషాఫ్టే కాబట్టి స్పార్కు కూడా ఆలస్యమవుతుంది. డిస్ట్రిబ్యూటర్ తిప్పితే స్పార్కు ఒక్కటే సరైన వేళకు వస్తుంది. వాల్వులు తెరుచుకునేదీ మూసుకునేదీ మాత్రం ఆలస్యంగానే జరుగుతూ ఉంటుంది. సిలిండర్లోకి పీల్చిన గాలి కొంత వెనక్కి పోతుంది, తక్కువ స్పీడులో లాగే బలం తగ్గుతుంది. టాప్ గేరులో ఎక్కే మిట్టకు గేరు దించాల్సి వస్తుంది.

కింద చెప్పేదంతా 1489 సి.సి. బి.ఎం.సి. బి-సిరీస్ పెట్రోల్ ఇంజన్ గురించి. డీజిల్ అంబాసిడర్‌కు ఇంజక్షన్ పంపు టైమింగ్ కూడా చూసుకోవాలి, దాని పద్ధతి వేరు.

చైనేనా, ఇంకోటా?

ముందు ఫ్యాన్ బెల్టు తీసి ఇంజన్‌ని అర నిమిషం నడపండి, అంతకు మించొద్దు. చప్పుడు ఆగిపోతే అది డైనమో బేరింగో వాటర్ పంపో, చైను కాదు. ఉంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన టైమింగ్ కవర్‌కి (ఇంజన్ ముందు చైను మీది మూతకి) ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినండి. టాపెట్ చప్పుడు టిక్ టిక్‌మని లెక్కగా ఉంటుంది, పైనుంచి వస్తుంది. చైను చప్పుడుకు లెక్క ఉండదు, కవర్ లోపల ఏదో రాసుకుంటున్నట్టు ఉంటుంది.

ఇంజన్ ఆపాక అసలు పరీక్ష. నాలుగు ప్లగ్గులూ తీసి, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీయండి. ముందునుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకు క్రాంక్ పుల్లీని తిప్పి, రోటర్ (క్యాప్ కింద తిరిగే ముక్క) కదలడం మొదలయ్యాక ఆపండి. పుల్లీ మీద, దానికి ఎదురుగా కవర్ మీద సుద్దతో గీత పెట్టండి. ఇప్పుడు పుల్లీని మెల్లగా వెనక్కి తిప్పండి. రోటర్ మళ్ళీ కదిలే లోపు పుల్లీ ఎంత తిరిగిందో చూడండి. 150 మి.మీ. వ్యాసం ఉన్న పుల్లీ అంచు మీద 13 మి.మీ. అంటే 10 డిగ్రీలు. అది దాటిందంటే కవర్ విప్పాల్సిందే. ఒక్క మాట: డిస్ట్రిబ్యూటర్ డ్రైవ్ గేరు అరిగినా రోటర్ ఇలాగే ఆలస్యం చేస్తుంది. అందుకని టాపెట్ కవర్ కూడా తీసి, వాల్వు సగం తెరుచుకుని ఉన్న చోట రాకర్ (వాల్వును నొక్కే మీట) కదలికతో ఇదే పరీక్ష ఇంకోసారి చేస్తే అనుమానం తీరుతుంది.

సామాను

చైను ఒక్కటే మార్చడం డబ్బు దండగ. సాగిన చైనుతో తిరిగిన స్ప్రాకెట్ (చైను ఎక్కే పళ్ళ చక్రం) పళ్ళు ఒకవైపు తినేసి కొక్కెంలా వంగుతాయి. కొత్త చైను రోలర్లు ఆ పళ్ళ మధ్య సరిగ్గా కూర్చోవు, ఒకటి రెండు పళ్ళే బరువంతా మోస్తాయి. కొత్త చైను కూడా తొందరగా సాగిపోతుంది. అందుకే చైను, క్రాంక్ స్ప్రాకెట్, క్యాం స్ప్రాకెట్ మూడూ ఒకేసారి కొనండి. వాటితో పాటు టెన్షనర్ (చైను వదులు కాకుండా నొక్కిపట్టే భాగం), కవర్ ప్యాకింగ్, కవర్ ముందు ఆయిల్ సీల్, రెండు లాక్ వాషర్లు, క్రాంక్ కీలు (స్ప్రాకెట్ షాఫ్టు మీద జారకుండా గాడిలో పెట్టే ఇనుప ముక్కలు) తీసుకోండి.

ఒంగోలు, నెల్లూరు స్పేర్ పార్టుల షాపుల్లో దొరక్కపోతే ఒంగోలు వాళ్ళకు విజయవాడ ఆటోనగర్, నెల్లూరు వాళ్ళకు చెన్నై పుదుప్పేట దగ్గర. పాత సామాను కొనేటప్పుడు స్ప్రాకెట్ మాత్రం సెకండ్ హ్యాండ్ తేవొద్దు. సింగిల్ చైనుకు డబుల్ చైను స్ప్రాకెట్ పట్టదు, డబుల్‌కు సింగిల్ పట్టదు. కాబట్టి కవర్ విప్పి చూశాకే కొనడం మంచిది, లేదా పాతవి చేత్తో పట్టుకెళ్ళండి.

కొత్త స్ప్రాకెట్‌ని షాపులోనే పాతదాని మీద పెట్టి, కీ గాడి రెండింటిలో ఒకే చోటికి తెచ్చి చూడండి. టైమింగ్ చుక్క (చైను ఎక్కించేటప్పుడు చూసుకునే గుర్తు) రెండింటికీ ఒకే పన్ను దగ్గర ఉండాలి. నాసిరకం సరుకులో చుక్క పక్క పన్నుకు పడి ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. క్రాంక్ స్ప్రాకెట్‌కి 20 పళ్ళు ఉన్నాయనుకోండి, ఒక్క పన్ను తేడా అంటే 18 డిగ్రీలు. ఆ ఇంజన్ స్టార్ట్ అయితే అవుతుంది గానీ సరిగ్గా నడవదు.

స్పానర్లు అంగుళాల కొలతవి కావాలి. కవర్ బోల్టులకు 7/16, 1/2 సరిపోతాయి. మిల్లీమీటర్ల స్పానర్ పెట్టి తల గుండ్రం చేసుకోవద్దు. ఇవిగాక డాగ్ నట్టుకు (క్రాంక్ కొనన పుల్లీని పట్టే పెద్ద నట్టు) సరిపోయే సాకెట్, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే స్పానర్), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు), తిన్నని ఉక్కు స్కేలు, టెన్షనర్‌కి 1/8 అంగుళం ఆలెన్ కీ ఉంచుకోండి.

విప్పడం

బ్యాటరీ ఎర్త్ వైరు తీసేయండి. రేడియేటర్ నీళ్ళు దించి, హోసులు విప్పి, రేడియేటర్ బయటికి తీయండి. ఫ్యాన్ రెక్కలు కూడా విప్పితే చేయి బాగా ఆడుతుంది. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళతో తిరిగిన బండి అయితే రేడియేటర్ ట్యూబుల్లో గార పేరుకుని ఉంటుంది. ఎలాగూ చేతికొచ్చింది కాబట్టి శుభ్రం చేయించండి, మళ్ళీ నింపేటప్పుడు బోరు నీళ్ళు పోయకండి.

హ్యాండిల్ పడే డాగ్ నట్టుకు వెనక లాక్ వాషర్ మడత ఉంటుంది. ముందు దాన్ని ఉలితో తిన్నగా చేయండి. బండిని టాప్ గేరులో వేసి హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్ళు పెట్టి, నట్టును ఎడమ వైపుకు విప్పండి. రాకపోతే స్పానర్ చివర సుత్తితో ఒక్కసారిగా గట్టిగా కొట్టండి. పైపు తగిలించి మెల్లగా లాగితే ఇంజన్ తిరిగిపోతుందే తప్ప నట్టు కదలదు. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉన్న బండి అయితే కవర్ బోల్టులు తుప్పుతో పట్టేసి ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి.

పుల్లీని రెండు వైపులా సమంగా లాగుతూ బయటికి తీయండి. ఒకవైపే రాడ్ పెట్టి ఎత్తితే అంచు విరుగుతుంది. తర్వాత కవర్ బోల్టులు. రెండు సైజులు ఉంటాయి, ఏది ఎక్కడిదో అట్టముక్కలో గుచ్చి పెట్టుకోండి. చాంబర్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) దించక్కర్లేదు. కవర్ తీయగానే దాని లోపలి ముఖం చూడండి. మెరిసే గీత పడి ఉంటే చైను కవర్‌కి రాసుకుందని అర్థం. క్రాంక్ మీద ఉన్న పల్చటి బిళ్ళ ఆయిల్ త్రోయర్. దాని మీద ఎఫ్ అక్షరం ఉన్న ముఖం మీ వైపు ఉంటుంది, బిగించేటప్పుడూ అలాగే ఉండాలి. తిరగేస్తే నూనె నేరుగా సీల్ మీదికి పోతుంది.

ఏదీ విప్పకముందే క్రాంక్‌ని ముందుకే తిప్పుతూ రెండు చుక్కలూ ఒకదానికొకటి ఎదురుగా, రెండు షాఫ్టుల మధ్య గీతలో వచ్చేలా పెట్టండి. అప్పుడు క్రాంక్ కీ నేరుగా పైకి ఉంటుంది, క్యాం కీ గడియారంలో ఒంటిగంట ముల్లు చోట ఉంటుంది. ఈ స్థితిలో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఇక్కడ నుంచి చైను మళ్ళీ ఎక్కేదాకా క్రాంక్ గానీ క్యాం గానీ కదలకూడదు.

టెన్షనర్ దగ్గర తొందర పడొద్దు. దాని ఒంట్లో చిన్న ప్లగ్గు ఉంటుంది. అది విప్పి ఆలెన్ కీ దూర్చి కుడివైపుకు తిప్పితే, రబ్బరు మొగ్గ వెనక్కి వెళ్ళి లాక్ అవుతుంది. అప్పుడే టెన్షనర్ బోల్టులు విప్పండి. లాక్ చేయకుండా విప్పితే లోపలి స్ప్రింగు, పిస్టను ఎగిరి చాంబర్ దారిలో పడతాయి. ముందుజాగ్రత్తగా కింద నూనె దిగే సందులో గుడ్డ కుక్కండి, పని అయ్యాక తీయడం మర్చిపోవద్దు. రబ్బరు మొగ్గలో చైను తోడిన లోతు గాడి ఉంటే టెన్షనర్ మార్చాల్సిందే.

క్యాం నట్టు లాక్ మడత తెరిచి నట్టు విప్పండి. రెండు స్ప్రాకెట్లనూ చైనుతో కలిపి, ఒకసారి ఇది ఒకసారి అది అన్నట్టు కొంచెం కొంచెంగా ముందుకు జరపండి. క్రాంక్ స్ప్రాకెట్ వెనక పల్చటి ప్యాకింగ్ వాషర్లు ఉంటాయి. అవి జారి పోతే పని ఆగిపోతుంది, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి విడిగా ఉంచండి.

చైను ఎంత సాగిందో చూడాలంటే దాన్ని కడిగి, ఉంగరాన్ని నొక్కినట్టు రెండు వరుసలుగా చేసి గట్టిగా లాగి పట్టుకోండి. ఈ చైను పిచ్ (ఒక రోలర్ నుంచి పక్క రోలర్‌కు దూరం) 3/8 అంగుళం కాబట్టి 24 పిచ్‌లకు 9 అంగుళాలు, అంటే 228.6 మి.మీ. ఉండాలి. రెండు మి.మీ.లు ఎక్కువ వచ్చిందంటే ఒక శాతం దగ్గరికి సాగినట్టే. చీమకుర్తి క్వారీ రోడ్ల మీద తిరిగే బండి అయితే చైను ఇంత తొందరగా ఎందుకు సాగిందో కూడా ఆలోచించండి. గ్రానైట్ దుమ్ము ఆయిల్ పోసే మూత దగ్గరో బ్రీదర్ పైపు దగ్గరో లోపలికి పోతే నూనె సానరాయి పని చేస్తుంది. మూత రబ్బరు, బ్రీదర్ జాలి చూసి, పాడైతే మార్చండి.

కొత్తవి కూర్చడం

బ్లాకు ముఖం మీద పాత ప్యాకింగ్ ముక్కలు గీకి తుడవండి. టెన్షనర్ వెనక ఉన్న నూనె రంధ్రంలో సన్నని తీగ పోనిచ్చి గాలి కొట్టండి. అది మూసుకుపోతే కొత్త టెన్షనర్ కూడా వదులుగానే ఉంటుంది.

చైను ఎక్కించకముందు వరస చూడాలి, చాలా షెడ్లలో ఈ పని వదిలేస్తారు. స్ప్రాకెట్లు రెండూ ఒట్టిగా షాఫ్టుల మీద పూర్తిగా ఎక్కించి, క్యాంషాఫ్ట్‌నీ క్రాంక్‌నీ వెనక్కి నెట్టి ఉంచండి. క్యాం స్ప్రాకెట్ పళ్ళ పక్కన ఉక్కు స్కేలు ఆనించి, క్రాంక్ స్ప్రాకెట్‌కీ స్కేలుకూ మధ్య సందులో ఫీలర్ గేజ్ పెట్టండి. సందు 0.1 మి.మీ. దాటితే క్రాంక్ స్ప్రాకెట్ వెనక వాషర్లు ఆ మేరకు పెంచండి. క్రాంక్ స్ప్రాకెట్టే ముందుకు ఉంటే వాషర్లు తీయండి. కొత్త స్ప్రాకెట్ మందం పాతదానితో వెంట్రుకవాసి తేడా ఉన్నా, పాత వాషర్లనే పెట్టేస్తే చైను పక్కకు లాగుతూ ప్లేట్లు, పళ్ళ పక్కలు అరుగుతాయి. చేసిన పనంతా వృథా.

ఇప్పుడు స్ప్రాకెట్లు తీసి, చైనుకు ఇంజన్ ఆయిల్ రాసి, రెండింటినీ చైనులో కూర్చి, చుక్కలు ఎదురెదురుగా పెట్టి, చేతిలో పట్టుకునే ఒకేసారి షాఫ్టుల మీదికి నెట్టండి. కీ గాడి దగ్గర వదులు ఉందేమో చూసుకోండి. కీ ఊగితే ఆ ఊగడం మొత్తం టైమింగ్‌లోకి వస్తుంది. డ్రైవ్ వైపు చైను తిన్నగా ఉండి, టెన్షనర్ వైపు మాత్రమే వదులు ఉండాలి. క్లిప్పు లింకు ఉన్న చైను అయితే క్లిప్పు మూసిన కొన చైను పరుగెత్తే వైపుకు ఉంచండి.

క్యాం నట్టు కొత్త లాక్ వాషర్‌తో 60 నుంచి 70 పౌండ్ ఫీట్లకు, అంటే 81 నుంచి 95 న్యూటన్ మీటర్లకు బిగించి మడత వేయండి. టెన్షనర్ బిగించాక ఆలెన్ కీని మళ్ళీ కుడివైపుకే తిప్పితే మొగ్గ వదులై చైనును తాకుతుంది. ఎడమకు తిప్పొద్దు, చేత్తో మొగ్గను నెట్టొద్దు. తర్వాత క్రాంక్‌ని చేత్తో నిండా రెండు చుట్లు తిప్పండి, చుక్కలు మళ్ళీ ఎదురెదురు రావాలి. మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే బలం వాడకుండా ఆపి చూడండి. ఒక్క చుట్టుకు చుక్కలు కలవకపోతే కంగారు పడొద్దు, క్యాం క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది మరి.

చుక్కలు ఎదురెదురు ఉన్నప్పుడు ఒకటో సిలిండర్ కాలుతోందో నాలుగోదో తెలియాలంటే రాకర్లు చూడండి. ఏ సిలిండర్ రాకర్లు రెండూ వదులుగా ఉంటే కాలేది అదే. రోటర్ ఆ సిలిండర్ వైరు వైపే చూడాలి. వరుస 1-3-4-2.

కవర్‌లో కొత్త సీల్ కూర్చేటప్పుడు పుల్లీ మెడ చూడండి. పాత సీల్ గాడి వేసి ఉంటే, గోరుకు తగిలేంత లోతైతే పుల్లీ మార్చాలి. చిన్న గాడి అయితే సీల్‌ను ఒక మి.మీ. ముందో వెనకో కూర్చి, పెదవి కొత్త చోట ఆనేలా చూడండి. ప్యాకింగ్ పెట్టి కవర్ బోల్టులన్నీ చేతి వదులుగా ఉంచండి. సీల్‌కు, పుల్లీ మెడకు నూనె రాసి, పుల్లీని తిప్పుతూ లోపలికి తోయండి. పుల్లీయే కవర్‌ను మధ్యకు తెస్తుంది. అప్పుడు 1/4 అంగుళం బోల్టులు 6 పౌండ్ ఫీట్లకు, 5/16 బోల్టులు 14 పౌండ్ ఫీట్లకు బిగించండి. ముందే కవర్ బిగించి తర్వాత పుల్లీ దూరిస్తే సీల్ ఒకవైపు నలిగి నూనె కారడం మొదలవుతుంది. డాగ్ నట్టు 70 పౌండ్ ఫీట్లు, అంటే 95 న్యూటన్ మీటర్లు.

మొదటి స్టార్ట్

పాత ఆయిల్‌లో గీకిన ముక్కలు ఉంటాయి, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. మన ఎండలకు 20 డబ్ల్యూ 50 సరిపోతుంది. ప్లగ్గులు పెట్టకుండానే ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్ తిప్పండి, టెన్షనర్‌లోకి నూనె చేరాలి. తర్వాత ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేస్తే కొన్ని క్షణాలు చప్పుడు వచ్చి ఆగిపోవడం మామూలే. ఆగకపోతే నడపొద్దు, టెన్షనర్ లాక్ వదల్లేదేమో చూడాలి.

ఇంతకుముందు ఎవరైనా సాగిన చైనుకు సర్దడానికి డిస్ట్రిబ్యూటర్‌ను ముందుకు తిప్పి ఉంటే ఇప్పుడు స్పార్కు మరీ ముందుగా పడుతుంది. మిట్ట మీద ఇంజన్ కొట్టుకునే చప్పుడు వస్తుంది. కాబట్టి పాయింట్ల గ్యాపు, ఇగ్నిషన్ టైమింగ్, టాపెట్లు మాన్యువల్ ప్రకారం మొదటినుంచీ పెట్టుకోండి. 500 కిలోమీటర్లయ్యాక కవర్ బోల్టులు ఇంకోసారి చూసి, పుల్లీ వెనక నూనె తడి ఉందేమో వేలితో తుడిచి చూడండి.