కారు కడిగాక సందుల్లో నీళ్లు ఆగుతున్నాయా? బ్లోయర్ కొనేముందు, కొన్నాక వచ్చే సమస్యలు - పరిష్కారాలు

కారు కడిగి తుడిచాక అద్దంలా మెరుస్తుంది. పావుగంట తర్వాత బయటికి తీస్తే సైడ్ మిర్రర్ కింద నుంచి సన్నటి ధార తలుపు మీదికి జారుతుంది. అది ఆరితే తెల్లటి చార. మా అపార్ట్‌మెంట్‌లో వాడకానికి బోరు నీళ్లే. ఆ చారల్ని చాలాకాలం గుడ్డతో రుద్దుతూ వచ్చాను. రుద్దినకొద్దీ పెయింటే పాడవుతుందని తెలిశాక బ్లోయర్ కొన్నాను.

కారు మొత్తాన్ని బ్లోయర్‌తోనే ఆరబెట్టాలనుకుంటే ఖర్చు పెరుగుతుంది. వెడల్పుగా ఉన్న చోట్లకు మంచి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. గుడ్డ దూరని సందులకే బ్లోయర్ అనుకుంటే రెండు వేల లోపే పని జరుగుతుంది.

సమస్య: తుడిచినా మిర్రర్లు, హ్యాండిళ్లు, లైట్ల దగ్గర నీళ్లు కారుతూనే ఉన్నాయి

కారణం: ఆ సందుల లోపల నీళ్లు నిలుస్తాయి. బండి కదలగానే బయటికొస్తాయి.

పరిష్కారం: కంప్యూటర్ షాపుల్లో, ఏసీ మెకానిక్‌ల దగ్గర దుమ్ము ఊదడానికి వాడే చేతి బ్లోయర్ తీసుకోండి. 500 నుంచి 600 వాట్లది సరిపోతుంది. డబ్బా మీద ఆర్‌పీఎం పెద్ద అక్షరాల్లో ఉంటుంది గానీ, అది మోటారు తిరిగే వేగం మాత్రమే. మనకు కావలసింది నిమిషానికి ఎంత గాలి వస్తుందన్నది. నిమిషానికి 2.5 నుంచి 3.5 క్యూబిక్ మీటర్లు వస్తే మంచిదే. కొందరు దీన్ని సీఎఫ్ఎంలో, అంటే నిమిషానికి ఎన్ని క్యూబిక్ అడుగులన్న లెక్కలో రాస్తారు. నిమిషానికి 1 క్యూబిక్ మీటర్ అంటే దాదాపు 35 సీఎఫ్ఎం కాబట్టి 90 నుంచి 120 మధ్య ఉందేమో చూడండి. ఆ అంకె ఎక్కడా రాయని డబ్బాను నేనైతే పక్కన పెట్టేస్తాను. స్పీడు తగ్గించే చక్రం, రబ్బరు నాజిల్ ఉండాలి. గట్టి ప్లాస్టిక్ నాజిల్ చెయ్యి జారి తగిలితే గీత పడుతుంది.

ముందుగా మిర్రర్ దగ్గర మొదలుపెట్టండి. గ్లాసు అంచుకు రెండు వేళ్ల దూరంలో నాజిల్ పట్టుకుని పైనుంచి కిందికి నెమ్మదిగా తీసుకురండి. మొదట నాలుగు చుక్కలు రాలతాయి. అయిపోయిందనుకునేలోపు లోపల దాగిన గుక్కెడు నీళ్లు ఒక్కసారిగా కింద నుంచి దూకుతాయి. అవి పోయేదాకా అక్కడే ఉండండి. తర్వాత డోర్ హ్యాండిల్ వెనక గుంట, పెట్రోల్ మూత చుట్టూ, టెయిల్ ల్యాంప్ అంచులు, నంబర్ ప్లేట్ వెనక, కంపెనీ లోగో, గ్రిల్, చివరగా వీల్ నట్ల గుంటలు. పది నిమిషాల పని. రాలిన చుక్కల్ని గుడ్డతో అద్దుకుంటూ వెళ్లాలి.

సమస్య: గాలి కొడుతుంటే నీళ్లు పోవడం లేదు, అటూ ఇటూ పాకుతున్నాయి

కారణం: చాలామంది బ్లోయర్‌కు పవర్ లేదనుకుని ఇంకా పెద్దది కొంటారు. ముందు బానెట్ మీద ఒక గ్లాసు నీళ్లు పోసి చూడండి. ముత్యాల్లా విడివిడిగా నిలిస్తే పెయింట్ మీద వ్యాక్స్ ఉన్నట్టు. పలచటి పొరలా అంటుకుపోతే వ్యాక్స్ అరిగిపోయినట్టే. అలాంటి పొరను ఏ చిన్న బ్లోయరూ నెట్టలేదు.

పరిష్కారం: వ్యాక్స్ పెట్టండి. చివరిసారి నీళ్లు పోసేటప్పుడు పైపుకున్న గన్ తీసేసి, రూఫ్ మీద నుంచి నెమ్మదిగా ధార వదలండి. సగం నీళ్లు ఆ ధారతోనే జారిపోతాయి. తర్వాత గుడ్డ, ఆఖరున బ్లోయర్. నాజిల్ నిటారుగా పెడితే నీళ్లు నాలుగు వైపులా చిందుతాయి, కాబట్టి ఏటవాలుగా పట్టుకోండి.

సమస్య: బ్లోయర్ వాడినా తెల్లమరకలు వస్తున్నాయి

కారణం: నీళ్లు మన గాలికి కదిలేలోపే ఎండకు ఆవిరైపోతున్నాయి. నీరు ఆవిరైనా అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు పెయింట్ మీదే ఉండిపోతాయి. గాలితో నీటిని నెట్టేస్తే లవణాలు కూడా నీటితోపాటే పోతాయి. ఇంట్లో ఉన్న హెయిర్ డ్రయర్ ఇందుకు పనికిరాకపోవడానికి కారణం కూడా ఇదే. దాని కరెంటులో ఎక్కువ భాగం వేడికే పోతుంది. ఆ వేడికి నీళ్లు ఆవిరై మరక మిగులుతుంది.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 600 దాకా అనుమతి. మీ బోరు నీళ్లలో బకెట్ అంచున తెల్లటి పెంకు కడుతుంటే, కారు మీద కూడా అదే కడుతుందన్నమాట.

పరిష్కారం: పొద్దున్నే, నీడలో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కడగండి. ఒక్కో వైపు కడిగి ఆ వైపు ఆరాకే రెండో వైపుకు వెళ్లండి. ఆఖరి బకెట్ మాత్రం మంజీరా నీళ్లో, మున్సిపాలిటీ నీళ్లో వాడండి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పెట్టుకుంటే ఇంకా మంచిది. అవి గాలిలోని తేమ చల్లబడి వచ్చినవి కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. కాయిల్ దుమ్ము ఉంటుంది కాబట్టి పలచటి గుడ్డలో వడకట్టండి. ఇప్పటికే పడిన మరకలకు తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డతో అద్ది, నిమిషం ఆగి మంచి నీళ్లతో కడిగేయండి. ఆ తర్వాత అక్కడ మళ్లీ వ్యాక్స్ పెట్టాలి.

సమస్య: బ్యాటరీ బ్లోయర్ ఐదు నిమిషాలకే ఆగిపోతోంది

కారణం: అది చెడిపోయిందని కాదు, దాని బ్యాటరీ శక్తి అంతే. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 36 వాట్ అవర్లు. మోటారు 400 వాట్లు లాగితే ఐదున్నర నిమిషాలు కూడా రాదు. 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీతో పదకొండు నిమిషాలు రావచ్చు. చవక బ్లోయర్ల మీద 48 వీఎఫ్, 88 వీఎఫ్ అని రాసి ఉంటుంది. ఆ అంకెలు వోల్టులు కావు. లోపల ఐదు సెల్‌లు వరసగా ఉంటే పూర్తి చార్జింగ్‌లోనూ 21 వోల్టులే.

పరిష్కారం: పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ ఉంటే వైరు ఉన్నదే కొనండి. అదే ధరకు ఎక్కువ గాలి, ఎంతసేపైనా కరెంటు. పాయింట్ లేకపోతే రెండు బ్యాటరీలతో వచ్చేది చూసుకోండి. ఇంట్లో అదే కంపెనీ డ్రిల్ మెషిన్ ఉంటే దాని బ్యాటరీ సరిపోతుందేమో ముందే అడగండి.

సమస్య: ప్లగ్ వేడెక్కుతోంది, ఎంసీబీ పడిపోతోంది

కారణం: 600 వాట్ల బ్లోయర్ రెండున్నర ఆంపియర్ల చిల్లరే లాగుతుంది, మామూలు 6 ఆంపియర్ల సాకెట్ చాలు. 1500 వాట్లు దాటితే 6.5 ఆంపియర్లు అవుతుంది. దానికి 16 ఆంపియర్ల పాయింటే కావాలి.

పరిష్కారం: ఎక్స్‌టెన్షన్ వైరు 1.5 స్క్వేర్ ఎంఎం తీసుకోండి, చుట్టగా ఉంచకుండా పూర్తిగా విప్పి వాడండి. జాయింటు నీళ్లలో పడకూడదు. తడి నేల మీద చెప్పులు లేకుండా బ్లోయర్ పట్టుకోవద్దు. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. బ్లోయర్ ఖర్చుకన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు ఇది.

సమస్య: గాలి కొట్టాక పెయింట్ మీద దుమ్ము, సన్నగీతలు

కారణం: బ్లోయర్ గాలి పీల్చే వైపు నేలకు దగ్గరగా ఉంటే సెల్లార్ దుమ్మంతా లాగి కారు మీదికి కొడుతుంది. ఆ దుమ్ము మీద గుడ్డ పెడితే గీతలు తప్పవు.

పరిష్కారం: ముందు బయటి వైపు తిప్పి అర నిమిషం ఖాళీగా నడపండి. ఇల్లు దులిపే బ్లోయర్‌నే కారుకు వాడేటట్లయితే ఇది మరీ ముఖ్యం. చక్రాల పని ఆఖరున పెట్టుకోండి.

సమస్య: కాలిన వాసన, లోపల నిప్పురవ్వలు

కారణం: ఈ మోటార్లలో కార్బన్ బ్రష్‌లు ఉంటాయి, అవి అరుగుతాయి. సన్నగా కనిపించే నీలి మెరుపు మామూలే. పెద్ద రవ్వలు, ఆగి ఆగి తిరగడం, వాసన ఉంటే అరిగిపోయాయని అర్థం. గంటసేపు ఆపకుండా నడిపినా మోటారు కాలుతుంది.

పరిష్కారం: పది, పదిహేను నిమిషాలకోసారి చల్లారనివ్వండి. పాత కార్బన్‌లను ఊడదీసి కరెంటు సామాన్ల షాపుకు పట్టుకెళ్తే అదే కొలతవి ఇస్తారు, ఖరీదు చాలా తక్కువ. కొనేటప్పుడే పక్కన స్క్రూ మూతలు ఉన్న మోడల్ ఎంచుకుంటే, బ్లోయర్ బాడీ విప్పకుండానే మనమే మార్చుకోవచ్చు. కొత్తవి వేశాక కాసేపు రవ్వలు ఎక్కువగానే వస్తాయి. తక్కువ స్పీడులో ఖాళీగా కొద్ది నిమిషాలు తిప్పితే సర్దుకుంటాయి.