మడత సైకిల్‌పై ఉద్యోగానికి – 3వ పాఠం: మడత, బిగింపు, స్టేషన్ దారి

మొదటి పాఠంలో చక్రం సైజు, రెండో పాఠంలో సీటు ఎత్తు, గేర్లు అయిపోయాయి. ఈసారి అసలు పనిలోకి దిగుదాం. సైకిల్‌ను మడవడం, విప్పడం, విప్పాక బిగింపు సరిగ్గా పడిందో లేదో చూసుకోవడం, తర్వాత దాన్ని కాజీపేట స్టేషన్ దాకా తొక్కుకుంటూ వెళ్లి రైలెక్కించడం. మడవడం ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. బిగింపు చూసుకునే అలవాటు మాత్రం అంత తొందరగా రాదు, అందుకే పాఠంలో ఎక్కువ భాగం దానికే పెడుతున్నా.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. మనం నేర్చుకుంటున్నది 16, 20 అంగుళాల బుల్లి చక్రాల మడత సైకిల్ గురించి కాదు. 26 అంగుళాల చక్రాలో, అంతకంటే కొంచెం పెద్దవైన 700సీ చక్రాలో ఉండి, విప్పి నిలబెడితే మామూలు సైకిల్‌లాగే కనిపించే దాని గురించి. చిన్న చక్రం గుంతలో లోపలిదాకా దిగిపోతుంది, పెద్ద చక్రం అదే గుంత అంచుల మీదుగా దాటేస్తుంది. వానాకాలంలో హనుమకొండలో గల్లీ రోడ్లు ఎలా ఉంటాయో, ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉంటాయో తెలిసిన వాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. బదులుగా ఒకటి ఒప్పుకోవాలి, మడిచాక కూడా ఇది పెద్దగానే ఉంటుంది. సంచిలో వేసుకుని పోయే వస్తువు కాదు. ఈ ఆలోచన కొత్తదీ కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్ సైనికుల కోసం ఇంగ్లండ్‌లో బీఎస్‌ఏ కంపెనీ పెద్ద చక్రాల మడత సైకిళ్లు చేసింది, రెండు రెక్కల నట్లు విప్పితే ఫ్రేము సగానికి మడతపడేది.

ఇప్పుడు మీ సైకిల్ ఏ రకమో చూసుకోండి. ఫ్రేము మధ్యలో మడతబందు, అంటే ఫ్రేము మడతపడే కీలు, దాన్ని బిగించే లివరు ఉంటే మొదటి రకం. మన దగ్గర ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే 26 అంగుళాలవి ఎక్కువగా ఇవే. ఫ్రేము మధ్యలో ఏమీ లేకుండా, సీటు కింది గొట్టమే ఇరుసుగా వెనక భాగం తిరిగి వస్తే రెండో రకం. అమెరికాలో 1987లో మొదలైన మాంటేగ్ కంపెనీ సైకిళ్లు ఈ పద్ధతివి, వీటిని మడవాలంటే మొదట ముందు చక్రం ఊడదీయాలి. నన్నడిగితే రోజూ తొక్కేవాళ్లకు రెండోదే మేలు, ఫ్రేము మధ్యలో అతుకు ఉండదు కాబట్టి. ధర మాత్రం చాలా ఎక్కువ.

మడిచేటప్పుడు సైకిల్‌కు ఎడమ పక్క నిలబడండి. చైను కుడివైపు ఉంటుంది, ప్యాంటుకు గ్రీజు అంటదు. వెనక గేరు అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి ముందే దించి ఉంచండి. తర్వాత సీటు దించండి. దించే ముందు సీటు గొట్టం మీద మీ ఎత్తు దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకుంటే రోజూ కొలుచుకునే పని తప్పుతుంది. ఆ తర్వాతే లివరు. చాలావాటికి లివరు తనంతట తాను తెరుచుకోకుండా చిన్న కొక్కెం ఉంటుంది, దాన్ని వేలితో లాగి పట్టుకుని లివరు తెరవాలి. కొక్కెం లాగకుండా లివరును బలంగా గుంజితే ముందు పోయేది ఆ కొక్కెమే. ముందు చక్రం తీసే రకమైతే తీశాక ఒక జాగ్రత్త ఉంది, డిస్కు బ్రేకులుంటే చక్రం లేనప్పుడు బ్రేకు పట్టొద్దు. ఆయిల్ బ్రేకులైతే ప్యాడ్లు ఒకదానికొకటి అతుక్కుని మళ్లీ చక్రం దూరదు. మందపాటి అట్టముక్క ఒకటి ప్యాడ్ల మధ్య పెట్టేస్తే ఆ టెన్షన్ ఉండదు.

విప్పడం దీనికి తిరగేసి చేయడమే, కానీ ఇక్కడే తొందర పనికిరాదు. లివరు మూసే ముందు మడతబందు రెండు ముఖాలూ దగ్గరగా చూడండి. ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా రెండు ముఖాలూ పూర్తిగా కలవవు. బొటనవేలితో చుట్టూ తడిమితే గరుకు తెలుస్తుంది, పొడి గుడ్డతో తుడిచేయండి. నూనె వేయాల్సింది మడత తిరిగే పిన్నుకు మాత్రమే, అదీ ఒక్క చుక్క. ముఖాలకు నూనె పూస్తే దుమ్మంతా వచ్చి అక్కడే పడుతుంది.

లివరు ఎంత బిగువుగా ఉండాలి? సగం దాకా తేలిగ్గా వచ్చి, అక్కడి నుంచి అడ్డం తిరగడం మొదలవ్వాలి, అరచేత్తో గట్టిగా నొక్కితేనే మూసుకోవాలి, మూశాక అరచేతిలో లివరు అచ్చు కాసేపు కనిపించాలి. రెండు వేళ్లతో మూసుకుపోతోందంటే వదులైనట్టే. లివరుకు అటువైపు సర్దుబాటు నట్టు ఉంటుంది, దాన్ని పావు చుట్టు చొప్పున బిగిస్తూ ప్రతిసారీ మూసి చూడండి, ఒకేసారి ఎక్కువ బిగిస్తే లివరు మీద భారం పడుతుంది. ముందు చక్రం లివరుకూ ఇదే లెక్క.

మూశాక కొక్కెం పడిన చప్పుడు వినండి, తర్వాత లివరును వేలితో బయటికి లాగి చూడండి, రాకూడదు. ఆపైన ముందు బ్రేకు పట్టుకుని, రెండో చేతి వేలు మడతబందు అతుకు మీద ఆనించి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. అతుకు దగ్గర వేలికి కొంచెం కదలిక తగిలినా తొక్కొద్దు. మొత్తం అరనిమిషం పని. దీన్ని ఒక్క రోజు కూడా వదలొద్దని మరీ మరీ చెబుతున్నా, ఎందుకంటే మామూలు సైకిల్‌కు పంక్చరైతే దిగి నడిపించుకుంటూ పోతాం, నడుస్తుండగా మడతబందు తెరుచుకుంటే మనిషి లారీల మధ్య పడతాడు. వారానికోసారి పగటి వెలుగులో అతుకు చుట్టూ వెల్డింగ్ చూడండి. పెయింట్‌లో వెంట్రుకలాంటి సన్నని గీత కనిపించి, గోరుతో గీరితే గోరుకు తగిలితే అది పెయింట్ పగులు కాకపోవచ్చు. సైకిల్ అక్కడే ఆపేసి కొన్న చోట చూపించండి, వెల్డింగ్ షాపులో అతికించుకుని మళ్లీ ఎక్కొద్దు.

ఇక దారి. హనుమకొండ చౌరస్తా నుంచి ఎన్‌ఐటీ, ఫాతిమా నగర్ మీదుగా కాజీపేట వెళ్లే రోడ్డులో పొద్దున పూట ఆటోలు ఎక్కడ పడితే అక్కడ ఆగుతాయి, వాటికి ఒక మనిషి దూరం వదిలి వెళ్లండి, ఆగిన ఆటోను ఎడమ పక్క నుంచి అస్సలు దాటొద్దు, దిగేవాళ్లు అటే దిగుతారు. బ్రిడ్జి ఎక్కేటప్పుడు పెడల్స్ మీద లేచి నిలబడి తొక్కాలనిపిస్తుంది. మడత ఫ్రేముకు అది మంచిది కాదు, అటూ ఇటూ ఊగిన ప్రతిసారీ భారమంతా అతుకు మీద పడుతుంది. ఎత్తు మొదలవకముందే గేరు తగ్గించి, కూర్చునే నిదానంగా ఎక్కండి. ఆలస్యమయ్యేది రెండు మూడు నిమిషాలే.

స్టేషన్‌లో మొదటి సూత్రం: చివరి నిమిషం దాకా మడవొద్దు. చిన్న చక్రాలవి కొన్ని మడిచాక కూడా దొర్లించుకుంటూ పోవచ్చు, మనది అలా రాదు, మడిస్తే మోయాలి, బరువు తక్కువేమీ కాదు. ప్లాట్‌ఫారం మీదికి నడిపించుకుంటూ వెళ్లి, మీ బోగీ ఆగే చోటు చూసుకుని, రైలు వస్తోందన్న అనౌన్స్‌మెంట్ వినగానే మడవండి. కాజీపేటలో చాలా రైళ్లు ఎక్కువసేపు ఆగవు. మడిచాక ఊడి వేలాడకుండా ఒక రబ్బరు తాడుతో చుట్టి, పాత దుప్పటి గుడ్డతో కుట్టించిన కవరు తొడిగితే పక్కవాళ్ల బట్టలకు మరకలు అంటవు. గొడవల్లో సగం ఆ కవరుతోనే పోతాయి.

రూలు కూడా తెలిసి ఉండాలి. ప్రయాణికుల బోగీలో వెంట తీసుకెళ్లే పెట్టెలకు రైల్వే చెప్పే కొలత 100 × 60 × 25 సెంటీమీటర్లు, సెకండ్ క్లాసులో ఉచితంగా తీసుకెళ్లే బరువు 35 కిలోలు. బరువులో మనకు ఇబ్బంది లేదు. కొలతలో ఉంది. ముందు చక్రం తీసి మడిచే మాంటేగ్ సైకిల్ సుమారు 91 × 71 × 30 వస్తుంది, అంటే వెడల్పు, మందం రెండూ దాటినట్టే. మీది టేపు పెట్టి కొలవండి. టీటీఈ అభ్యంతరం చెబితే వాదన పెట్టుకోకుండా లగేజీ బుక్ చేసుకోండి, ఆయన మాట్లాడేది రూలు ప్రకారమే. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, సీజన్ పాస్ వాళ్లతో కిక్కిరిసే పొద్దుటి రైళ్లలో దీన్ని ఎక్కించడం అందరికీ ఇబ్బంది. రద్దీ తక్కువుండే రైలు చూసుకోండి. తలుపుకు అడ్డంగా మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. రోజూ అదే రద్దీ రైలు తప్పనివాళ్లకైతే నా సలహా వేరు, సైకిల్‌ను ఇంటి నుంచి స్టేషన్ దాకానే వాడుకోండి, తెలిసినవాళ్ల షాపులో మడిచి ఓ మూల పెట్టుకోనిస్తే అంతకంటే కావాల్సింది లేదు.

ఈ వారం అభ్యాసం ఇంటి దగ్గరే. రోజూ సాయంత్రం మడిచి విప్పి, వేలు ఆనించి ఊపే పరీక్ష చేయండి. చూడకుండా చేయి లివరు మీదికి పోయేదాకా రోడ్డెక్కొద్దు. ఇంకో చిన్న పని, టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చదివి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. 559 ఉందా, 590 ఉందా అన్నది ముఖ్యం. షాపులో రెండింటినీ 26 అనే పిలుస్తారు, కానీ ఒకదాని టైరు ఇంకోదాని రిమ్ముకు పట్టదు. వచ్చే పాఠం టైర్లు, గాలి, వానాకాలం గురించి. ఆ కాగితంతోనే మొదలుపెడదాం.