పంచాయతీ క్యాష్ బుక్ తెరిపించడం ఎలా?

2024 ఫిబ్రవరి నుంచి దాదాపు 22 నెలలు తెలంగాణలో మన ఊర్లను ప్రత్యేకాధికారులు నడిపారు. 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు కూర్చున్నారు. లెక్కలు అడగాలంటే కొత్త పాలకవర్గం మొదటి ఏడాదే మంచి అదను. పాత బిల్లులు తనవి కావు కాబట్టి సర్పంచ్‌కి వాటిని దాచే తొందర ఉండదు. రెండో ఏడు దాటితే పంచాయతీ బీరువాలో తన కాగితాలు కూడా చేరతాయి, తాళంచెవి దొరకదు.

ఊరికి ఇంకో స్కీం ఎట్లా తెచ్చుకోవాలన్నది ఇక్కడ దొరకదు. ఇది స్వేచ్ఛావాద దృష్టితో రాసినది. ఇంటి పన్ను, నల్లా బిల్లు కింద మన దగ్గర తీసుకున్న పైసలు ఎటు పోయాయి, అసలు తీసుకోవాల్సినంతే తీసుకున్నారా అని అడిగే పద్ధతి మాత్రమే ఉంటుంది. ఏ పార్టీ సర్పంచ్ అయినా పద్ధతి ఒకటే.

ముందు ఫోన్‌లో చూడండి. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆర్థిక సంఘం నిధులతో వేసుకున్న ప్లాన్, చేసిన చెల్లింపులు కనిపిస్తాయి. 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే పెట్టాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి పెట్టుకోవచ్చు, కానీ జీతాలకు వాడకూడదు. ఇక్కడ రెండు చోట్ల తప్పటడుగు పడుతుంది. ఒకటి, జిల్లా పేరు. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2019లో నారాయణపేట వేరైంది. మక్తల్ పాత కాగితాలను మహబూబ్‌నగర్ కింద వెతకాలి. రెండోది తండాలు. దేవరకొండ వైపు చాలా తండాలు 2018 పంచాయతీరాజ్ చట్టంతోనే పంచాయతీలు అయ్యాయి. అంతకు ముందటి రిజిస్టర్లు తండా ఆఫీసులో ఉండవు, పాత పెద్ద పంచాయతీలోనే ఉంటాయి. దరఖాస్తు అక్కడే ఇవ్వాలి.

పోర్టల్‌లో కనిపించేది కొంతే. ఇంటి పన్ను, లైసెన్సు ఫీజుల లెక్క కావాలంటే క్యాష్ బుక్ (జమాఖర్చుల పుస్తకం) చూడక తప్పదు. ఆ పైసలు కూడా ట్రెజరీలో జమై, బిల్లు పాసైతేనే బయటికి వస్తాయి. ఊర్లో వసూలైన పన్ను ఊర్లో మోరి తీయించడానికి పై ఆఫీసు దయ కోసం ఆగడం ఏ న్యాయమో గానీ, ఇప్పటి పద్ధతి అది. కాబట్టి క్యాష్ బుక్‌లో చెక్కు రాసిన తేదీతో పాటు ట్రెజరీలో పాసైన తేదీ కూడా చూడండి. మధ్యలో నెలలు గడిచి ఉంటే, "పైసలు లేవు" అనే సర్పంచ్ మాటలో నిజం ఉండవచ్చు. సర్పంచుల కాలంలో రాసిన చెక్కు అయితే దాని మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి. ఇద్దరికీ పడని ఊర్లో మీకు సగం సమాచారం ఉపసర్పంచ్ ఇంట్లోనే దొరుకుతుంది.

ఇక సమాచార హక్కు దరఖాస్తు. పంచాయతీ స్థాయిలో దీనికి ఫీజు లేదు, మండల ఆఫీసుకైతే 5 రూపాయలు, ఆ పైన 10. నకలు ఏ4 పేజీకి 2 రూపాయలు. రికార్డు అక్కడే కూర్చుని చూస్తే మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. చాలామంది నకళ్లే అడుగుతారు, 400 పేజీలకు 800 కట్టమని ఉత్తరం వస్తే వదిలేస్తారు. ముందు "పరిశీలన" అని అడగండి. గంటలో క్యాష్ బుక్ తిరగేసి, కావాల్సిన పది పేజీల నంబర్లు రాసుకుని వాటికే నకలు తీసుకోండి.

"ఎందుకు" అని మొదలయ్యే ప్రశ్న రాయొద్దు. చట్టం ప్రకారం ఇవ్వాల్సింది ఉన్న రికార్డు, సంజాయిషీ కాదు. "డీజిల్‌కు అంత ఎందుకు ఖర్చయింది?" అని రాస్తే దరఖాస్తు తిరిగొస్తుంది. ఇలా రాయండి (ఎం-బుక్ అంటే పని కొలతలు రాసే పుస్తకం):

"2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు (1) క్యాష్ బుక్, వోచర్ల పరిశీలన, (2) పంచాయతీ ట్రాక్టర్ లాగ్ బుక్, డీజిల్ బిల్లుల నకళ్లు, (3) ఫలానా గల్లీ సీసీ రోడ్డు ఎస్టిమేట్, పాలకవర్గ తీర్మానం, ఎం-బుక్ పేజీల నకళ్లు, (4) ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్ పరిశీలన, (5) చివరి ఆడిట్ అభ్యంతరాలు, వాటికి ఇచ్చిన జవాబుల నకళ్లు."

కార్యదర్శికి ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. కారోబార్ చేతిలో పెట్టి వస్తే ఇచ్చినట్టు రుజువు ఉండదు. ఎం-బుక్ పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర ఉంటుంది. "మా దగ్గర లేదు" అని కార్యదర్శి చేతులు దులుపుకోవడానికి లేదు. సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లో తనే ఆ ఆఫీసుకు పంపాలి. ఆ సెక్షన్ నంబర్ దరఖాస్తులోనే రాసేయండి.

కాగితం చేతికొచ్చాక దాన్ని గల్లీలోకి తీసుకెళ్లాలి. సీసీ రోడ్డు ఎం-బుక్‌లో 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 0.15 మీటర్ల మందం అని ఉందనుకోండి. అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం నిజంగా 10 సెంటీమీటర్లే ఉంటే వేసింది 30. మూడో వంతు మాయం. పొడవు, వెడల్పుల్లో మోసం తక్కువ, ఎవరైనా టేపు పెట్టి కొలుస్తారు కాబట్టి. పోయేదంతా మందంలోనే. అంచుకు మొరం పోసి కప్పేస్తారు. గడ్డపారతో ఆ మట్టిని ఒక జానెడు పక్కకు లాగి, స్కేలు నిలబెట్టి ఫొటో తీయండి. అంచు దగ్గర మందంగా పోసి నడుమ పలచగా వదిలేసిన రోడ్లూ ఉంటాయి. నల్లా పైపు కోసం రోడ్డు కోసిన చోటు దొరికితే నడుమ మందం తెలుస్తుంది. ఒక్కచోట చూసి అరవకండి, ఐదు చోట్ల కొలిచి సగటు తీయండి. కింద పరిచిన కంకర పొర ఎం-బుక్‌లో వేరే లైనులో ఉంటుంది, దాన్ని కాంక్రీటు మందంలో కలిపితే మీ లెక్కే తప్పుతుంది. ఎం20 రకం కాంక్రీటుకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. 45కు 360 బస్తాలు. బిల్లుల్లో 200 కనిపిస్తే మందం సరిపోయినా రోడ్డు రెండు వానలకు రేగుతుంది. సమాచార హక్కు కింద పని తనిఖీ చేయొచ్చు, ధ్రువీకరించిన నమూనా కూడా తీసుకోవచ్చు. ఈ సంగతి చాలామంది అధికారులకే గుర్తుండదు.

ట్రాక్టర్ సంగతి తేలిక. ట్రాలీతో తిరిగితే గంటకు 3, 4 లీటర్లు తాగుతుంది. నెలకు 60 లీటర్ల బిల్లు ఉంటే అవర్ మీటర్ 15 నుంచి 20 గంటలు కదిలి ఉండాలి. "మీటర్ పనిచేయట్లేదు" అన్న జవాబు వస్తే, ఏ నెల నుంచి అని రాతపూర్వకంగా అడగండి. ఆ నెల నుంచి బిల్లు పెరిగిందా అన్నది మీరే చూసుకోవచ్చు.

డిమాండ్ రిజిస్టర్‌లో మీ ఇంటి కొలతలు మీరే సరిచూసుకోండి. కూల్చేసిన రేకుల షెడ్డుకు పన్ను పడుతూనే ఉండటం, పెద్ద మేడకు పాత పెంకుటిల్లు లెక్కే నడవడం, రెండూ కనిపిస్తాయి. తప్పు పన్ను తగ్గించమని దరఖాస్తు పెట్టండి. పక్కవాడికి పెంచమని మాత్రం పెట్టకండి. పన్ను పెంచడానికి సర్పంచ్‌కి మన సాయం అక్కర్లేదు.

గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. కోరం ఓటర్ల సంఖ్యను బట్టి ఉంటుంది, ఎంతో ముందే కార్యదర్శిని అడిగి పెట్టుకోండి. అసలు ప్రమాదం రిజిస్టర్‌లో ఉంది. రాగానే సంతకాలు తీసుకుంటారు, తీర్మానాలు తర్వాత పైన రాసుకుంటారు. హాజరు కోసం పెట్టిన మీ సంతకం ఆమోదంగా మారిపోతుంది. పేరు పక్కన "హాజరు మాత్రమే" అని రాసి సంతకం పెట్టండి. సభ అయ్యాక చివరి తీర్మానం కింద అడ్డగీత కొట్టించండి. "ఏం జేత్తవ్ రాసుకొని, పో" అనేవాళ్లు ఉంటారు. దొర గడీకి వెట్టి చేయం అన్న నేల మీద రిజిస్టర్ చూపించమనడానికి మొహమాటం దేనికి?

కొత్త పని ఏది చదివినా మూడు ప్రశ్నలు వేయండి. ఏడాదికి నిర్వహణ ఎంత? చేయకపోతే ఎవరికి నష్టం? ఇంకెవరైనా సొంతంగా చేయగలరా? "సర్పంచ్ సాబ్, పల్లె ప్రకృతి వనంలో ఎండిన మొక్కల బదులు మళ్లీ నాటుడు సరే, ఎండాకాలం నీళ్లు ఎవరు పోస్తరు, ట్యాంకర్ డీజిల్ ఎందులకెళ్లి?" అన్న ఒక్క మాటకు సభలో జవాబు లేకపోతే, ఆ పని వాయిదా వేయమని తీర్మానంలో రాయించండి. మన గల్లీకి కూడా ఒకటి కావాలని చెయ్యెత్తిన క్షణం, అడిగే బలం పోతుంది.

తేడా దొరికితే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కి కాగితం ఇవ్వొచ్చు, రసీదు తప్పకుండా తీసుకోండి. కానీ సర్పంచ్‌ని సస్పెండ్ చేయమని అడగకండి. మనం ఓటేసి కూర్చోబెట్టినవాణ్ని ఓటు లేని అధికారి దించడం అలవాటైతే, రేపు మంచి సర్పంచ్‌కీ అదే గతి. రికవరీ అడగండి, కొలతలు మళ్లీ తీయమని అడగండి, చాలు.

30 రోజుల్లో జవాబు రాకపోతే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. ఆ గడువు దాటిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. అధికారి ఎవరో బోర్డు మీద లేకపోతే ఎంపీడీవో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. అక్కడ 30 రోజులు, మహా అయితే 45. అప్పటికీ రాకపోతే 90 రోజుల్లో హైదరాబాద్‌లోని సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. రోజుకు 250 చొప్పున 25,000 వరకు జరిమానా పడేది అక్కడే. దరఖాస్తు, ముద్ర ఉన్న కాపీ, మొదటి అప్పీలు, రిజిస్టర్డ్ పోస్టు రసీదులు వరుసగా కుట్టి పంపండి, ఒక సెట్టు ఇంట్లో పెట్టుకోండి.