రోహునా, మృగాలా? గాలానికి పడిన చేపను సరిగ్గా గుర్తుపట్టడం ఎలా?

గాలం వేసేవాళ్ళలో చాలామంది చేప నీళ్ళలోంచి పైకి రాగానే పేరు చెప్పేస్తారు. ఎలా తెలిసిందని అడిగితే "చూస్తే తెలీదా?" అంటారు. నేనూ అలాగే చాలాకాలం మృగాల అనే చేపను పట్టి రోహు పట్టానని చెప్పుకు తిరిగాను. నా తప్పు ఎక్కడంటే, నేను చూసేది రంగు, సైజు. ఆ రెండూ చేప ఏ జాతిదో చెప్పవు, ఎలాంటి నీళ్ళలో పెరిగిందో, ఎంత తిందో చెబుతాయి. బురద నీళ్ళలో పెరిగిన చేప పాలిపోయి ఉంటుంది. అదే జాతి చేప నాచు నిండిన తేట నీళ్ళలో పెరిగితే ముదురుగా ఉంటుంది. ఒడ్డున కాసేపు ఉంచితే మన కళ్ళ ముందే రంగు మారిపోతుంది కూడా.

అందుకని ముందు మూతి చూడండి, తర్వాత మీసాలు, ఆ తర్వాత వీపు మీది రెక్క, తోక. రంగు వంతు ఆఖరున.

1. ముందు చేతులు తడుపుకోండి

పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పొర ఊడుతుంది. తిరిగి వదిలేయాలనుకుంటే ఆ జిగురే దానికి రక్ష. తడి గుడ్డ మీద గానీ తడిసిన వలలో గానీ పక్కకు పడుకోబెట్టండి. మొదటి ఫొటో పక్క నుంచి, వీపు రెక్కను వేలితో నిటారుగా లేపి తీయండి. రెండోది మూతికి దగ్గరగా, మూడోది తల పైనుంచి. ఈ మూడూ ఉంటే చేపను నీళ్ళలో వదిలేశాక కూడా తీరిగ్గా పోల్చుకోవచ్చు. చేపను గుండెకు ఆనించుకుని నవ్వుతూ దిగే ఫొటో గుర్తుపట్టడానికి పెద్దగా పనికిరాదు. చేతివేళ్ళు సరిగ్గా చూడాల్సిన చోటునే కప్పేస్తాయి.

మీసాలున్న, పొలుసులు లేని చేప పడితే మాత్రం తొందరపడి పట్టుకోకండి. మొప్పల వెనక, రెండు పక్కలా ఉండే రెక్కల్లో గట్టి ముళ్ళుంటాయి. ఇంగిలాయి ముల్లు విషపు ముల్లు, గుచ్చుకుంటే నొప్పి భరించడం కష్టం. గుచ్చుకున్న చోటును ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఉంచితే ఉపశమనం ఉంటుంది. వాపు పెరుగుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

2. మూతి ఎటు తిరిగి ఉంది?

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది మూతే, ఎందుకంటే చేప ఎక్కడ మేస్తుందో దానికి తగ్గట్టే మూతి ఉంటుంది. బొచ్చె, రోహు, మృగాల ఈ మూడింటినీ 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ శాస్త్రీయంగా వర్ణించి, మూడింటినీ సిప్రినస్ అనే ఒకే ప్రజాతిలో పెట్టాడు. అంత దగ్గరి పోలికలున్న చేపలివి. కానీ మూతులు చూస్తే దేని దారి దానిదే.

బొచ్చె నీటి పైపొరలో మేస్తుంది. దాని నోరు పైకి తెరుచుకుంటుంది, కింది దవడ ముందుకు పొడుచుకు వస్తుంది. తల పెద్దది, మీసాలుండవు. పక్కనుంచి చూస్తే అలిగి మూతి ముడుచుకున్నట్టు కనిపిస్తుంది. ఒకసారి చూశాక మర్చిపోవడం కష్టం.

రోహు మధ్య నీళ్ళలో మేస్తుంది. నోరు కాస్త కిందికి ఉంటుంది, పెదవులు మందంగా ఉంటాయి, కింది పెదవి అంచు చీరకుచ్చులా సన్నగా చీలి ఉంటుంది. వేలి కొసతో తడిమితే ఆ కుచ్చు తగులుతుంది.

మృగాల అడుగున మేస్తుంది. ముట్టె మొద్దుగా, నోరు వెడల్పుగా ఉంటుంది. పెదవులు పలచన, కుచ్చు ఉండదు. ఒళ్ళు రోహు కంటే సన్నగా, పొడుగ్గా సాగి ఉంటుంది. దీన్ని ఎర్రమోసు అని కూడా అంటారు. పేరులో ఎరుపున్నా ఆ ఎరుపును పట్టుకుని తేల్చకండి. రోహు పొలుసుల మధ్యలో కూడా ఎర్రటి జీర ఉంటుంది. నేను బోల్తా పడింది సరిగ్గా అక్కడే.

బెండు కింద ఎర ఎంత లోతులో వేలాడుతోందో కూడా ఒక ఆధారమే. నేలను తాకే ఎరకు బొచ్చె పడటం కంటే మృగాల పడటానికే అవకాశం ఎక్కువ. అయితే ఇది అనుమానానికి పనికొస్తుంది గానీ రుజువుకు కాదు. ఆకలేస్తే చేప కూడా దారి తప్పుతుంది.

3. మీసాలు లెక్కపెట్టండి

నోటి చుట్టూ ఉండే మీసాలను కళ్ళతో చూసి వదిలేయకుండా వేలితో వెతకండి. రోహు మీసాలు చిన్నవి, నోటి పక్కనున్న గాడిలో దాక్కుని ఉంటాయి. చూడగానే "మీసాల్లేవు" అనిపిస్తుంది. మృగాలకు ఒక జత పొట్టి మీసాలు ముట్టె మీద ఉంటాయి. రోహులా ఉండి ఒళ్ళంతా నల్లగా, మీసాలు రెండు జతలు స్పష్టంగా ఉంటే అది నల్లగండుమీను.

బంగారు తీగకూ రెండు జతల మీసాలుంటాయి. కానీ దాన్ని నల్లగండుమీనుతో కలిపేసుకునే పని లేదు. వీపు రెక్క ముందు అంచున రంపంలాంటి గట్టి ముల్లు ఉంటే బంగారు తీగే. గడ్డి చేపకు అసలు మీసాలే ఉండవు, వీపు రెక్క కూడా పొట్టిది.

పెద్ద జెల్లల్లో రెండు రకాలు కవలల్లా ఉంటాయి. రెండింటికీ వీపు మీద వెనకవైపు మెత్తటి కొవ్వు రెక్క, దాని మీద నల్లచుక్క ఉంటాయి. పై దవడ మీసాలను తోక వైపు చాచి చూడండి. తోక మొదలు దాకా, కొన్నిసార్లు ఇంకా అవతలికీ అందితే ఒకటి (స్పెరాటా ఆయర్). వీపు రెక్క దగ్గరే ఆగిపోతే ఇంకొకటి (స్పెరాటా సీంఘాలా). పేరు పలకలేకపోయినా పర్వాలేదు, మీసం పొడవు రాసుకోండి.

4. వీపు రెక్కను విప్పండి

కొర్రమీను, పూమీను, మట్టగిడస మూడూ ఒకే కుటుంబం. మూడింటికీ పాము తలే, మూడూ గాలి పీల్చేవే, మూడింటి వీపు మీదా తల వెనక నుంచి తోక దగ్గరి దాకా ఒకటే పొడుగాటి రెక్క. పట్టినవాళ్ళ మధ్య ఎక్కువ వాదనలు వీటి మీదే నడుస్తాయి. వీటికి లెక్కే మందు. రెక్కలో పుల్లల్లా కనిపించే కాడలను ఫొటో పెద్దది చేసుకుని లెక్కపెట్టండి. మట్టగిడసకు సుమారు 28 నుంచి 33, కొర్రమీనుకు 37 నుంచి 46, పూమీనుకు 45 నుంచి 55. కొర్రమీను, పూమీను అంకెలు అంచుల్లో కలుస్తాయి కాబట్టి 45 దగ్గర ఆగితే ఇంకో గుర్తు కావాలి. తోక మొదట్లో, పైవైపు, నారింజ అంచుతో కంటిలాంటి నల్లటి మచ్చ ఉంటే పూమీను. పిల్లల్లో ఈ మచ్చ స్పష్టంగా ఉంటుంది. ముదిరిన చేపలో మాసిపోవచ్చు, అప్పుడు ఒంటి మీది తెల్లటి చుక్కలు చూడాలి. మట్టగిడస మామూలుగా 30 సెంటీమీటర్లు దాటదు. కానీ చిన్నగా ఉన్నదల్లా మట్టగిడస కాదు, కొర్రమీను పిల్ల కూడా చిన్నదే కదా!

మార్పు అనే చేపకూ ఇంగిలాయికీ తేడా ఇంకా తేలిక. రెండింటికీ నాలుగు జతల మీసాలు. మార్పుకు వీపు రెక్క పొడుగ్గా తోక దాకా సాగుతుంది. ఇంగిలాయికి తల వెనక ఓ చిన్న జెండాలాంటి రెక్క మాత్రమే. నాటు మార్పుకూ ఆఫ్రికా మార్పుకూ తేడా చెప్పడం మాత్రం కష్టమే. ఆఫ్రికా రకం ఒంటి మీద పాలరాతి గీతల్లాంటి మరకలుంటాయి, మీటరు పైచిలుకు పెరుగుతుంది. నాటుది దాదాపు ఒకటే రంగులో ఉండి, సన్నటి తెల్ల చుక్కలతో ఉంటుంది. రెండింటి సంకరం కూడా ఉంది కాబట్టి చిన్న చేప పడినప్పుడు పందెం కాయకండి.

వాలుగను పంగాసియస్ అనుకునేవాళ్ళూ ఉన్నారు. వాలుగ నోరు కన్ను దాటి వెనక్కి చీలి ఉంటుంది, వీపు మీద బుల్లి రెక్క ఒకటే. పంగాసియస్ నోరు చిన్నది, వీపు వెనకవైపు కొవ్వు రెక్క కూడా ఉంటుంది.

5. పొట్ట కింద వేలు రాయండి

ఈ పరీక్ష చాలామందికి తెలియదు. వెండి చేప, బిగ్‌హెడ్ కార్ప్ రెండింటికీ పొలుసులు చిన్నవి, కళ్ళు బాగా కిందికి ఉంటాయి. పొట్ట అంచు మీద వేలు పెట్టి గొంతు నుంచి వెనక్కి లాగండి. కత్తి వీపులాంటి పదునైన అంచు గొంతు దగ్గరే మొదలైతే వెండి చేప. పొట్ట రెక్కల దగ్గర నుంచి మాత్రమే మొదలైతే బిగ్‌హెడ్. పెద్ద తల, పైకి తిరిగిన నోరు చూసి బిగ్‌హెడ్‌ను బొచ్చె అని సంబరపడేవాళ్ళున్నారు. పొలుసులు చూస్తే చాలు, బొచ్చె పొలుసులు పెద్దవి.

6. చివరికి తోక, పళ్ళు, రంగు

తిలాపియాల్లో తోక మీద నిలువు చారలు వరసగా ఉంటే నైలు రకం. చారలు లేకపోతే మొజాంబిక్ రకం అయ్యుండొచ్చు. దాని మగచేప జత కట్టే కాలంలో నల్లబడి, గొంతు తెల్లగా, రెక్కల అంచులు ఎర్రగా మారతాయి. రంగు నిజంగా పనికొచ్చే కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

ఎర్ర పొట్ట చూసి "పిరాన్హా పడింది" అని హడలిపోయే వీడియోలు అప్పుడప్పుడూ వస్తుంటాయి. చాలాసార్లు అది రూప్‌చంద్, అంటే పాకు. పెదవి ఎత్తి పళ్ళు చూడండి, వేలు మాత్రం లోపల పెట్టకండి. మనిషి దవడ పళ్ళలా చదునుగా ఉంటే పాకు, మొనదేలిన ముక్కోణాలైతే పిరాన్హా.

గుర్తులు ఒకదానితో ఒకటి పొసగని చేప కూడా ఎప్పుడో ఒకటి పడుతుంది. బొచ్చె తల, రోహు పెదవులు ఉంటే అది ఆ రెండింటి సంకరం కావచ్చు. అలాంటిదానికి ఏదో ఒక పేరు అంటించేయకుండా పొడవు, మీసాల జతలు, రెక్క కాడల సంఖ్య, ఎర ఎంత లోతులో వేశారో నోట్‌బుక్‌లో రాసి, పేరు రాయాల్సిన చోట ప్రశ్న గుర్తు పెట్టండి. మూడు ఫొటోలూ దాంతోపాటు దాచుకోండి.