ఏ సమస్య పట్టుకోవాలి? ముందు మీ ఇంట్లో చూడండి

పర్యావరణం కోసం ఏదైనా చేయాలని ఉన్నా ప్లాస్టిక్కా, చెరువులా, కరెంటా అని తేలట్లేదా? ఓ వారం పాటు ఇంట్లో దేని మీద ఎక్కువ విసుక్కుంటున్నారో గమనించండి. మాకైతే నీళ్ల ట్యాంకర్. ఏప్రిల్ వస్తే బోరు ఎండి అపార్ట్‌మెంటంతా టెన్షన్. అందుకే నీళ్లే పట్టుకున్నా.

ఆర్వో ఫిల్టర్ వేస్ట్ పైపు కింద బకెట్ పెట్టి చూశా. బిందెడు మంచినీళ్లకు రెండు బిందెలకు పైనే వృథా! ఇప్పుడవి ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి. (మొక్కలకు రోజూ పోయకండి, ఉప్పు ఎక్కువ.) హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు 100 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎక్కి వస్తాయి, కాబట్టి నీళ్లు మిగిలిస్తే కరెంటూ మిగులుతుంది.

వానలు పడేలోపు మా ఇంకుడు గుంతలో పూడిక తీయించాలి. అసోసియేషన్ వాళ్లే ఇంకా ఊఁ అనలేదు.