గ్రాఫిక్ డిజైనర్ పీజీ చేయాలా, వద్దా? తేల్చుకోవడం ఎలా

క్లయింట్ లోగో నచ్చితే డబ్బులిస్తాడు, మన సర్టిఫికెట్ అడగడు. సినిమా పోస్టర్లు చేసేవాళ్లనైతే ఏం చదివావని అడిగే నాథుడే ఉండడు. అలాంటప్పుడు రెండేళ్ల జీతం వదులుకుని ఎం.డెస్ (మాస్టర్ ఆఫ్ డిజైన్)లోనో ఎంఎఫ్‌ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్)లోనో చేరడం ఎవరికి లాభం? ఇప్పుడు చేస్తున్న పనే ఇంకాస్త బాగా చేయడానికి పీజీ ఖరీదైన దారి. వేరే పనిలోకి మారడానికైతే చాలాసార్లు అదే దగ్గరి దారి. మీరు ఏ దారిలో ఉన్నారో తేల్చుకోవడానికి రెండు నెలలు చాలు.

1. కారణం ఒక్క వాక్యంలో రాయండి

"పీజీ అయ్యాక నేను ఫలానా పని చేస్తాను, ఆ డిగ్రీ లేకుండా అది కుదరదు." ఇందులో 'ఫలానా' దగ్గర ఏం పెడతారో చూసుకోండి.

యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలనుకుంటే డిగ్రీ తప్పనిసరి. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు మామూలు దారి 55 శాతం మార్కులతో పీజీ, ఆపైన యూజీసీ నెట్ అనే అధ్యాపక అర్హత పరీక్ష. మనలాంటి అప్లైడ్ ఆర్ట్ (వాణిజ్య కళ) వాళ్లు రాయాల్సిన పేపరు 'విజువల్ ఆర్ట్'. యూఎక్స్ రీసెర్చ్ (యాప్‌లు, సైట్లు వాడేవాళ్ల అనుభవాన్ని అధ్యయనం చేయడం), ఇంటరాక్షన్ డిజైన్ వైపు మారాలన్నా పీజీ బాగా అక్కరకొస్తుంది. తెలుగు ఫాంట్లు గీయాలన్న కోరిక ఉన్నా అంతే. గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలవుతాయి. వాటిని ఒక పద్ధతిలో నేర్పే చోట్లు తక్కువ. బ్రిటన్‌లోని రీడింగ్ యూనివర్సిటీలో టైప్‌ఫేస్ డిజైన్‌లో ఏడాది ఎం.ఏ. ఉంది. లాటిన్ కాని లిపుల మీద పనికి దానికి మంచి పేరుంది.

ఫిగ్మా, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవడానికైతే పీజీ వద్దు, మూడు నెలల సాధన చాలు. బాస్‌తో పడటం లేదన్నది ఉద్యోగం మారడానికి కారణం, కాలేజీలో చేరడానికి కాదు. పెళ్లి బయోడేటా కోసమైతే మీ ఇష్టం, కానీ దాన్ని కింద వేసే లెక్కలో కలపకండి.

2. పాతిక ఉద్యోగ ప్రకటనలు చదవండి

మీరు చేరాలనుకునే ఉద్యోగానివే తీసుకోండి, ఇప్పుడు చేస్తున్నదానివి కాదు. మూడు గళ్లు గీయండి: పీజీ తప్పనిసరి, ఉంటే మంచిది, ప్రస్తావనే లేదు. మొదటి గడిలో నాలుగైదు కూడా పడకపోతే మిమ్మల్ని ఆపుతున్నది డిగ్రీ కాదు, పోర్ట్‌ఫోలియో, అంటే మీరు చేసిన పనుల సంపుటి. చాలామందికి ఇక్కడే సగం తేలిపోతుంది.

3. లెక్క వేయండి, నిజాయితీగా

ఇప్పుడు నెలకు 40 వేలు వస్తున్నాయనుకుందాం. రెండేళ్లకు పోయే జీతం 9.6 లక్షలు. ఫీజు, హాస్టల్, కొత్త ల్యాప్‌టాప్, ప్రింట్లు, మోడళ్లు అన్నీ కలిపి 8 లక్షలనుకుంటే మొత్తం 17.6 లక్షలు. పీజీ తర్వాత 60 వేలు వస్తాయని ఆశ. 60లోంచి 40 తీసేసి నెలకు 20 వేలు లాభం అనుకోవడమే ఇక్కడ అందరూ చేసే పొరపాటు. ఈ రెండేళ్లూ ఉద్యోగంలోనే ఉంటే ఇంక్రిమెంట్లతో మీ జీతం 48 వేలకు చేరుతుందేమో. అప్పుడు అసలు తేడా 12 వేలే, ఏడాదికి 1.44 లక్షలు. పెట్టింది తిరిగి రావడానికి పన్నెండేళ్లు దాటుతుంది. మీ అంకెలు వేసి చూడండి. ఐదారేళ్లలోపు వస్తే డబ్బు పరంగా సరే. పదేళ్లు దాటితే, డబ్బు కాకుండా ఇంకో గట్టి కారణం ఉండాలి.

అప్పు చేసేవాళ్లకు మరో లెక్క. 10 లక్షలు, 10.5 శాతం వడ్డీ, ఏడేళ్ల వాయిదా అయితే ఈఎంఐ సుమారు 16,900. చదువుకుంటున్నన్నాళ్లూ వడ్డీ ఆగదు. అది కట్టకుండా వదిలేస్తే అసలులో కలిసి ఈఎంఐ ఇంకా పెరుగుతుంది. విద్యా రుణం వడ్డీకి పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది.

ఫ్రీలాన్స్ చేసుకుంటూ చదువుకుంటానన్న ధీమా మొదటి సెమిస్టర్‌లోనే పోతుంది. స్టూడియో పని రాత్రిళ్లు కూడా తినేస్తుంది.

4. కోర్సు పేరు కాదు, లోపల ఏముందో చూడండి

ముందు ఒక హెచ్చరిక. ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో 'గ్రాఫిక్స్' అంటే ఎచింగ్, లితోగ్రఫీ, వుడ్‌కట్ లాంటి ముద్రణ కళ. పేరు చూసి అప్లై చేసేవాళ్లు ఏటా ఉంటారు. మన పని అక్కడ అప్లైడ్ ఆర్ట్ లేదా విజువల్ కమ్యూనికేషన్ పేరుతో ఉంటుంది. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఈ రంగంలో మనకు దగ్గరి యూనివర్సిటీ.

ఐఐటీల్లో ఎం.డెస్‌కు దారి సీడ్ (CEED) ప్రవేశ పరీక్ష. ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది. రిజిస్ట్రేషన్ అక్టోబర్ ప్రాంతంలో, పరీక్ష జనవరిలో. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ ఉంటే చాలు, వయసు పరిమితి లేదు. పార్ట్ ఏ కంప్యూటర్ మీద, పార్ట్ బీ కాగితం మీద. బొమ్మలు, ఆలోచన చూసే ఈ రెండో భాగానికే తుది స్కోరులో ఎక్కువ బరువు. ఏళ్ల తరబడి మౌస్ తప్ప పెన్సిల్ పట్టనివాళ్లు దెబ్బతినేది ఇక్కడే. రోజూ అరగంట స్కెచింగ్ ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. ఒక్క స్కోరుతో సీటు రాదు. ఐఐటీ హైదరాబాద్ అయినా, ఐఐటీ బాంబేలోని డిజైన్ స్కూల్ ఐడీసీ అయినా విడిగా దరఖాస్తు చేయాలి, తర్వాత పోర్ట్‌ఫోలియో, ఇంటర్వ్యూ ఉంటాయి. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఎం.డెస్‌కు పరీక్ష వేరు, దాన్ని డాట్ అంటారు. దానికీ సీడ్‌కూ సంబంధం లేదు.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు ఇంకొకటి చూడాలి. చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు పనిచేయవచ్చు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సుకైతే మరో 24 నెలలు దొరుకుతాయి. అది కోర్సు పేరును బట్టి కాదు, ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీద ఉండే సీఐపీ కోడ్‌ను, అంటే కోర్సు వర్గం అంకెను బట్టి తేలుతుంది. గ్రాఫిక్ డిజైన్ కోడ్ 50.0409 స్టెమ్ జాబితాలో లేదు. వెబ్, డిజిటల్ మల్టీమీడియా డిజైన్ కోడ్ 11.0801 ఉంది. ఒకే పాఠాలు చెప్పే రెండు కాలేజీలు వేర్వేరు కోడ్‌లు పెట్టుకోవచ్చు, కాబట్టి అప్లికేషన్ ఫీజు కట్టకముందే మెయిల్ పెట్టి అడగండి. మీది మూడేళ్ల డిగ్రీ అయితే అది ఒప్పుకుంటారో లేదో కూడా అదే మెయిల్‌లో అడిగేయండి. నాలుగేళ్ల బీఎఫ్‌ఏ వాళ్లకు ఈ తంటా లేదు.

5. పోర్ట్‌ఫోలియోతో పరీక్షించుకోండి

దరఖాస్తుకు ముందే ఒక ఉత్తుత్తి పోర్ట్‌ఫోలియో చేయండి. ఎనిమిది నుంచి పన్నెండు ప్రాజెక్టులు చాలు. వాటిలో కనీసం రెండు ఏ క్లయింటూ అడగనివి, మీకు మీరే పెట్టుకున్న సమస్యలు కావాలి. మీ ఊరి బస్టాండ్ బోర్డులు చదవలేకపోవడం, మందుల చీటీ పెద్దవాళ్లకు అర్థం కాకపోవడం లాంటివి. పూర్తయిన బొమ్మ ఒక్కటే పెడితే లాభం లేదు. చిత్తు గీతలు, పనికిరాదని పక్కన పెట్టినవి, ఎందుకు పెట్టారో రెండు వాక్యాలు ఉండాలి. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. కానీ ఇరవై ఒకేలాంటివి పెడితే చేతి నేర్పు కనిపిస్తుంది, ఆలోచన కనిపించదు.

ఆ రెండు సొంత ప్రాజెక్టులకు ఆరు వారాలు గడువు పెట్టుకోండి. ఉత్సాహంగా పూర్తయితే రెండేళ్లు అలాంటి పనే చేయడానికి మీరు సిద్ధం. మూడో వారానికే, ఏం కావాలో చెప్పే క్లయింట్ బ్రీఫ్ లేదని చేతులాడకపోతే, ఫీజు కట్టకముందే తెలిసినందుకు సంతోషించండి.

6. సీటు వచ్చాక అడగాల్సినవి

అడ్వాన్స్ కట్టమని మెయిల్ రాగానే కట్టేయకండి. మీ విభాగంలో ఫుల్‌టైమ్ అధ్యాపకులు ఎంతమంది, గెస్ట్‌లు ఎంతమంది అని అడగండి. గత ఏడాది చివరి ప్రాజెక్టులు చూపించమనండి. పాసైనవాళ్లలో ఇద్దరితో మీరే ఫోన్‌లో మాట్లాడండి, కాలేజీ చూపించినవాళ్లు కాకుండా మీరు వెతుక్కున్నవాళ్లతో. ప్రైవేటు సంస్థ అయితే డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ పేరు యూజీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. రీఫండ్ ఆఖరి తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, ఇప్పటి ఆఫీసులో రాజీనామా ఇచ్చే ముందు ఏడాదో రెండేళ్లో జీతం లేని సెలవు కుదురుతుందేమో కనుక్కోండి.