నాలుగు కిలోమీటర్లకే ఆగిపోయే పాత బండి: నా అనుభవం

మా నాన్న 100 సీసీ పాత బండి నాలుగు కిలోమీటర్లు పోగానే ఎగిరెగిరి ఆగిపోయేది. పది నిమిషాలాగితే మళ్లీ స్టార్ట్. ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ మార్చాను, కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కు పంపేది) రెండుసార్లు కడిగించాను, అంతా దండగే.

చివరికి ఇంజిన్ చల్లారాక, ఆరుబయట, కార్బురేటర్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, పైపు చివర సీసా పెట్టి, పెట్రోల్ ట్యాప్ తిప్పాను. మొదట ధార బాగానే వచ్చింది. కాసేపటికి సన్నబడి చుక్కలైంది. అప్పుడు ట్యాంకు మూత తీశాను. సుయ్‌మని గాలి లోపలికి పోయింది, ధార మళ్లీ లావెక్కింది! మూతలోని గాలి రంధ్రం మట్టితో, పాలిష్ జిడ్డుతో పూడిపోయింది. పెట్రోల్ తగ్గినంత గాలి లోపలికి రాక ధార ఆగిపోతోందన్నమాట. సన్నటి తీగతో పొడిచి, పెట్రోల్‌తో కడిగి, సైకిల్ పంపుతో గాలి కొట్టాను. నెలైంది, దారిలో ఆగలేదు.

అన్ని బండ్లకూ ఇదే రోగమని అనను. మూత తీసినా ధార పెరగకపోతే పెట్రోల్ ట్యాప్‌లో చెత్తను ఆపే జాలీ చూడండి. ధార మొదటినుంచీ చివరిదాకా సన్నబడకుండా ఉంటే గొడవ జెట్‌లోనో (కార్బురేటర్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రం), ప్లగ్‌కు కరెంటు ఇచ్చే కాయిల్‌లోనో ఉండొచ్చు.